ఒక ఇంటిపేరు నడిచిన దారి

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సికింద్రాబాదులో జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగము)



ఈ సంచిక కొరకు ప్రతి కుటుంబమువారు తమ ఇంటి చరిత్రను రెండు పుటలకు మించకుండా వ్రాసి ఇవ్వవలెనని కమిటీవారు కోరిన సంగతి మీకు తెలుసు. వచ్చిన కాగితాలు సరిచూచి శుద్ధప్రతి తయారుచేసే పని నాకు అప్పగించారు. పదవీ విరమణ చేసిన బడిపంతులుకు ఇటువంటి పనులు తప్పవు. ఆ పనిలో ఉండగా యువజన సమాజపు పిల్లలు ముగ్గురు వచ్చి ఒక ప్రశ్న వేశారు. “మాస్టారూ, మన సంఘంలో కొందరికి తెలుగు ఇంటిపేర్లున్నాయి. కొందరి పేర్ల చివర ఇంగ్లీషు పేర్లున్నాయి. కొందరికి రెండూ లేవు. అసలు ఇంగ్లీషువారికి ఆ పేర్లు ఎక్కడివి? అవి ఇంత దూరం ఎట్లా వచ్చాయి?” అని.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పటానికి నేను ఒక్క ఇంటిపేరును తీసుకుంటాను. అది మన జంటనగరాల చరిత్రతో విడదీయరానంతగా పెనవేసుకున్న పేరు. కాని దానికి ముందు రెండు మాటలు చెప్పాలి.

మన తెలుగువారి ఇంటిపేర్లు ఎక్కువ భాగం ఊళ్ళ పేర్ల మీద వచ్చినవే. పూర్వీకులు ఏ ఊరినుండి కదిలి వచ్చారో ఆ ఊరు పేరుకు ముందు నిలిచింది. మిగిలినవి వృత్తిని బట్టి, ఏదో ఒక గుణాన్ని బట్టి, ఎవరో ఒక మూలపురుషుణ్ణి బట్టి వచ్చినవి. ఇంగ్లీషువారివీ సరిగ్గా అట్లాంటివే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత కొన్ని వందల ఏళ్ళలో అక్కడ ఇంటిపేర్లు తరతరాలకు నిలిచే అలవాటు స్థిరపడింది. స్మిత్ అంటే కమ్మరి. టేలర్ అంటే దర్జీ. జాన్సన్ అంటే జాన్ కొడుకు. మన నిఘంటువు వ్రాసిన బ్రౌన్ దొరగారి పేరు పూర్వం ఎవరిదో జుట్టు రంగును బట్టో, ఒంటి చాయను బట్టో వచ్చినది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేయించిన కాటన్ దొరగారి పేరు వినగానే ప్రత్తి అనుకుంటాం. కాని ఆ పేరుకు ప్రత్తితో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెలు అనే మాట నుండి, గుడిసెలున్న ఊరి పేరు నుండి వచ్చింది. 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ గారి ఇంటిపేరుకు స్కాట్లాండు కొండజాతుల భాషలో సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల అని అర్థం. ఇక మనం మన పిల్లలకు ఎంతో ఇష్టంగా పెట్టుకునే వెస్లీ అనే పేరు వారికి ఇంటిపేరు. పడమటి పచ్చిక బయలు అని దాని అర్థం. అక్కడ పొలం పేరు, తరువాత ఇంటిపేరు, ఇక్కడ మన బిడ్డ ముద్దుపేరు. పేరు నడిచినంత దూరం మనిషి కూడా నడవడు.

నేను చెప్పదలచిన ఇంటిపేరు కిర్క్‌పాట్రిక్.

స్కాట్లాండు దక్షిణ భాగంలో చర్చిని కిర్క్ అంటారు. చర్చి, కిర్క్ రెండూ ఒక్క గ్రీకు మాట నుండి పుట్టినవే. ‘ప్రభువునకు చెందినది’ అని ఆ మాటకు అర్థం. పాట్రిక్ అంటే అయిదవ శతాబ్దపు దైవసేవకుడు, పరిశుద్ధ పాట్రిక్. ఆయన బ్రిటనులో పుట్టి, పదహారేళ్ళ వయస్సులో బానిసగా ఐర్లండుకు కొనిపోబడి, తప్పించుకొని ఇల్లు చేరి, తరువాత తనను బానిసగా ఉంచిన దేశానికే సువార్త తీసుకొని తిరిగి వెళ్ళినవాడు. కాబట్టి కిర్క్‌పాట్రిక్ అంటే ‘పాట్రిక్ గుడి’. మన పల్లెల్లో చర్చిని గుడి అనే అంటారు కదా. గుడి ఉన్న ఊరివారు మనలో గుడిపాటివారైనట్లే, పాట్రిక్ గుడి ఉన్న చోటివారు కిర్క్‌పాట్రిక్‌లయ్యారు. ఇదే పేరును గేలిక్ భాషలో కిల్‌పాట్రిక్ అంటారు. అక్కడ కిల్ అన్నా దేవాలయమే.

ఈ వంశంలో ప్రసిద్ధికెక్కిన శాఖ స్కాట్లాండులోని డంఫ్రీస్ సీమలో క్లోజ్‌బర్న్ అనే చోట ఉండేది. 1232లో రాజు రెండవ అలెగ్జాండరు ఆ భూములను ఈ కుటుంబానికి ఖాయపరచి శాసనం ఇచ్చాడు. తరువాత 1306 ఫిబ్రవరి 10న ఒక ఘోరం జరిగింది. స్కాట్లాండు సింహాసనానికి పోటీదారులైన రాబర్ట్ బ్రూస్, జాన్ కొమిన్ అనే ఇద్దరు డంఫ్రీస్ పట్టణంలోని సన్యాసుల చర్చిలో కలుసుకున్నారు. మాటా మాటా పెరిగి బ్రూస్ కొమిన్‌ను కత్తితో పొడిచాడు. బయటికి వచ్చి, చచ్చాడో లేదో అని సందేహించగా, అనుచరుడైన కిర్క్‌పాట్రిక్ ‘నేను ఖాయం చేస్తాను’ అని లోపలికి వెళ్ళి ప్రాణం తీశాడని ఆ దేశంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ మాటే ఆ వంశానికి బిరుదవాక్యమైంది. నెత్తురోడే కత్తి పట్టిన చేయి వారి చిహ్నమైంది. పేరులో దేవుని గుడి, చిహ్నంలో గుడిలో చేసిన హత్య! ఇంటిపేరు పవిత్రమైనంత మాత్రాన ఇల్లు పవిత్రం కాదని ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

అక్కడి నుండి ఈ పేరు ఎటెటు పోయిందో చూడండి. పదిహేడవ శతాబ్దంలో స్కాట్లాండు నుండి వేలాది కుటుంబాలు ఉత్తర ఐర్లండుకు వలసపోయినప్పుడు వారితో పాటు ఈ పేరు సముద్రం దాటింది. అక్కడి నుండి అమెరికాకు పోయింది. అమెరికాలోని చార్ల్‌స్టన్ పట్టణంలో 1738లో మశూచి వచ్చినప్పుడు జనానికి మశూచి రసికను ఎక్కించి కాపాడజూచిన వైద్యుడొకడు ఉండేవాడు. అక్కడ ఉన్నన్నాళ్ళు ఆయన కిల్‌పాట్రిక్. 1742లో లండను చేరిన తరువాత కిర్క్‌పాట్రిక్ అని వ్రాసుకున్నాడు. అంటే ఇంటిపేరు రాతి మీద చెక్కినది కాదన్న మాట. అవసరం వస్తే ఇంగ్లీషువాళ్ళూ మార్చుకున్నారు.

ఇంకొక శాఖలోని విలియం కిర్క్‌పాట్రిక్ 1764లో డంఫ్రీస్ సీమలో పుట్టి, స్పెయిను దేశపు మాలగా రేవులో ద్రాక్షారసపు వ్యాపారం చేశాడు. ఆయన కుమార్తె ఒక స్పానిష్ ప్రభువును పెండ్లాడింది. ఆమె కుమార్తె యూజినీ 1853 జనవరిలో మూడవ నెపోలియన్‌ను వివాహమాడి ఫ్రాన్సు దేశానికి మహారాణి అయింది. స్కాట్లాండు పల్లె గుడి పేరు మూడు తరాలలో పారిసు రాజసౌధం చేరింది. కాని మహారాణి పేరులో కిర్క్‌పాట్రిక్ తండ్రి ఇంటిపేరు తరువాతనే నిలిచింది. ఆ పేరు ఆమె తల్లి పుట్టింటిది కదా! ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. తిరిగి దీని దగ్గరకే వస్తాను.

మాలగా వ్యాపారి పుట్టిన ఆ 1764వ సంవత్సరంలోనే, ఆగస్టు నెలలో, మద్రాసు సెయింట్ జార్జి కోటలో మరొక కిర్క్‌పాట్రిక్ పుట్టాడు. ఆయన పేరు జేమ్స్ అకిలీస్. తండ్రి కంపెనీ సైన్యంలో అధికారి. సవతి అన్న విలియం హైదరాబాదులో కంపెనీ తరఫున రెసిడెంటుగా పనిచేసినవాడు, పారసీ పండితుడు, నేపాళ దేశాన్ని గూర్చి పుస్తకం వ్రాసినవాడు. అన్న అనారోగ్యంతో వెళ్ళిపోగా తమ్ముడు జేమ్స్ ఆ స్థానంలోకి వచ్చాడు.

1798 సెప్టెంబరు 1న నిజాం అలీఖానుతో జేమ్స్ ఒడంబడిక కుదిర్చాడు. దాని ప్రకారం నిజాం తన ఫ్రెంచి పటాలాన్ని రద్దుచేసి, కంపెనీవారి 6,000 మంది సిపాయిలను పోషించటానికి ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు ఇవ్వాలి. ఆ అక్టోబరులోనే ఫ్రెంచి పటాలం ఆయుధాలు దించింది. 1800 అక్టోబరులో జరిగిన మరొక ఒడంబడిక వల్ల కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి పోయినవి. దత్తమండలాలు అని మన పెద్దలు అన్నది వాటినే. ఇక ఆ సిపాయిలు విడిసిన చోటు హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన ఉన్న బయలు. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద దానికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. ఆ దండు వెంట బజారులు, బజారుల వెంట కూలీలు, వంటవారు, దర్జీలు, వారి వెంట మన తాత ముత్తాతలు వచ్చారు. ఈనాడు మనం ఈ హాలులో కూర్చున్నామంటే దాని మొదటి కాగితం మీద ఉన్న సంతకం కిర్క్‌పాట్రిక్‌ది.

ఆయన కట్టించటం మొదలుపెట్టిన రెసిడెన్సీ భవనాన్ని మీరందరూ చూచారు. ఆ కోఠీ వల్లనే ఆ పేటకు కోఠి అని పేరు. తరువాత అది ఉస్మానియా ఆడపిల్లల కళాశాల అయింది. 2022 నుండి మహిళా విశ్వవిద్యాలయం. మా అక్క, నా కుమార్తె ఆ మెట్లెక్కే చదువుకున్నారు. ఆయనను నిజాం దర్బారువారు కిర్క్‌పాట్రిక్ అనలేదు. హష్మత్ జంగ్ అని బిరుదిచ్చారు. ఆయన కూడా ఇక్కడి బట్ట కట్టి, ఇక్కడి భాష మాట్లాడి, దర్బారు పెద్దల బంధువర్గంలోని ఖైరున్నీసా అనే కన్యను ముస్లిం పద్ధతిలో వివాహం చేసుకున్నాడు. దానిని గూర్చి కంపెనీ విచారణ కూడా జరిపింది. వారికి ఇద్దరు బిడ్డలు. 1801 మార్చిలో కుమారుడు, 1802 ఏప్రిలులో కుమార్తె. ఇంట్లో వారి పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం.

తెల్లదొరల బిడ్డలు ఇంగ్లండులో పెరగాలని ఆనాటి ఆచారం. తల్లి ఒప్పుకోలేదు. తండ్రి పట్టుబట్టాడు. 1805లో ఆ పసివాళ్ళను మద్రాసు తీసుకుపోయారు. ఓడ ఎక్కేముందు చిన్నెరీ అనే చిత్రకారుడు వారి బొమ్మ వేశాడు. హైదరాబాదు దర్బారు దుస్తులలో, మెట్ల మీద నిలబడిన నాలుగేళ్ళ పిల్లవాడు, మూడేళ్ళ పిల్ల. ఆ ఓడ వెళ్ళిన కొద్ది వారాలకే, అక్టోబరు 15న, తండ్రి కలకత్తాలో చనిపోయాడు. వయస్సు 41 ఏళ్ళు.

1806లో లండనులోని మేరీలబోన్ చర్చిలో ఆ బిడ్డలకు బాప్తిస్మమిచ్చారు. ఆనాటి నుండి కాగితాల మీద సాహిబ్ ఆలం లేడు, విలియం జార్జి కిర్క్‌పాట్రిక్ ఉన్నాడు. సాహిబ్ బేగం లేదు, కాథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ ఉన్నది. ముద్దుగా కిటీ అన్నారు. ఇంటిపేరు దొరికింది. ఇల్లు పోయింది.

తల్లి సంగతి వినండి. భర్త పోయిన తరువాత ఆమెకు హైదరాబాదు తిరిగి రావటానికి వీలులేక మన మచిలీపట్నంలో కొన్నేళ్ళు ప్రవాసంలా గడిపింది. చివరకు హైదరాబాదు చేరి 1813లో కన్ను మూసింది. బిడ్డలను మళ్ళీ చూడలేదు. కుమారుడు 1828లో చనిపోయాడు. కుమార్తె 1829లో ఫిలిప్స్ అనే సైనికాధికారిని పెండ్లాడి ఆ ఇంటిపేరుకు మారింది. సుమారు 36 ఏళ్ళు గడిచిన తరువాత, 1841లో, హైదరాబాదులో తన అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బ్రతికే ఉన్నదని ఆమెకు తెలిసింది. ఉత్తరం వ్రాసింది. మనవరాలికి పారసీ రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యవర్తులు తర్జుమా చేయగా ఆ ఇద్దరూ ఆరేళ్ళు ఉత్తరాలు వ్రాసుకున్నారు. 1847లో అమ్మమ్మ పోయింది. వారు ఒకరినొకరు చూచుకోనే లేదు. మనవరాలు 1889 దాకా జీవించింది.

సోదరీ సోదరులారా, ఎనిమిది వందల ఏళ్ళ కిర్క్‌పాట్రిక్ వంశవృక్షాన్ని మీకు చెప్పాను. కాని ఈ కథలో మన గుండెను పట్టేది ఆ వంశవృక్షం కాదు. దానిలో చోటు దొరకని ఇద్దరు స్త్రీలు, తల్లి, అమ్మమ్మ. ఇంటిపేరు తండ్రి నడిచిన దారిని చెబుతుంది. తల్లి ఎటునుండి వచ్చిందో చెప్పదు. హైదరాబాదులోనూ అంతే. మన ఇళ్ళలోనూ అంతే.

నా దగ్గరకు వచ్చిన కుటుంబ చరిత్రలను నేను తప్పుపట్టటం లేదు. మొట్టమొదట నా కాగితాన్నే చూచుకున్నాను. ‘మా తాతగారు ఫలానా ఊరినుండి ఫలానా సంవత్సరంలో వచ్చిరి’ అని మొదలుపెట్టాను. నాయనమ్మను గూర్చి ఒక్కటే మాట, ‘ఆయన భార్య’ అని. ఆమె నన్ను చంకనెత్తుకొని పెంచింది. బాప్తిస్మంలో ఆమెకు బైబిలు పేరు పెట్టారు. అంతకు ముందు ఆమె పేరేమిటో నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకనాడు ఊరినుండి ఒక ముసలాయన వచ్చి, గుమ్మంలో నిలబడి ఆమెను ఏదో పేరుతో పిలిచాడు. ఆమె ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖంలా మారిపోయింది. ఆయన ఆమె తమ్ముడని తరువాత తెలిసింది. ఆ పిలుపు నా చెవిన పడింది, కాని నిలవలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఎవరూ లేరు. పాత రిజిస్టరు తీసి చూచాను. క్రొత్త పేరు ఉన్నది, భర్త పేరు ఉన్నది, తేదీ ఉన్నది. పాత పేరుకు గడి లేదు.

ఒక పెద్దాయన నాతో అన్నారు, “పాత పేర్లు తవ్వటం దేనికి మాస్టారూ? మన నాన్నలు కావాలనే వదిలేశారు. ఊళ్ళో ఇంటిపేరు చెప్పగానే ఏ వాడవాడివో తెలిసిపోయేది. ఆ బరువు దించుకోవటానికే కదా!” అని. ఆయన మాట నిజం. ఆ బరువు మోసినవారికి దానిని దించుకునే హక్కు ఉన్నది. వారి నిర్ణయాన్ని నేను ప్రశ్నించను, ఎవరి రహస్యాన్నీ అచ్చువేయించను. కాని తానై దించుకున్న పేరు వేరు, తన నుండి తీసివేసిన పేరు వేరు. నాలుగేళ్ళ సాహిబ్ ఆలంను ఎవరూ అడగలేదు. మా నాయనమ్మనూ ఎవరూ అడిగి ఉండరు.

మన గ్రంథమే మనకు దారి చూపుతున్నది. బబులోను నపుంసకుల అధిపతి దానియేలుకు బెల్తెషాజరు అనియు, అజర్యాకు అబేద్నెగో అనియు పేర్లు మార్చినప్పుడు, ఆ చరిత్ర వ్రాసినవారు రెండు పేర్లూ వ్రాసిపెట్టారు. అందుకే ఈనాటికీ మన బిడ్డలకు దానియేలు అని పేరు పెట్టుకుంటున్నాం. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో అందరూ తండ్రుల పేర్లే అయినా, మధ్యలో తామారు, రాహాబు, రూతు నిలబడి ఉన్నారు. వాళ్ళు పరాయి ఇళ్ళనుండి వచ్చినవాళ్ళు. వాళ్ళు లేకుండా ఆ వంశావళి లేదు.

కాబట్టి నా మనవి ఇది. ఇచ్చిన కాగితాలను దయచేసి ఒక్కసారి తిరిగి తీసుకోండి. మూడు సంగతులు చేర్చండి. ఒకటి, తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, ఆమె ఊరు. రెండు, బాప్తిస్మానికి ముందు పేరు తెలిసి ఉండి, చెప్పటం మీకు ఇష్టమైతే, ఆ పేరు. మూడు, మీ ఇంటిపేరు ఎట్లా వచ్చిందో పెద్దలు చెప్పుకునే మాట. ఇంగ్లీషు పేరున్నవారు సిగ్గుపడనక్కరలేదు, గర్వపడనూ అక్కరలేదు. ఎవరు ఇచ్చారో, ఎందుకు తీసుకున్నారో అది వ్రాయండి. అచ్చులో వద్దనుకున్నవారు ఇంట్లో బైబిలు మొదటి అట్ట లోపల వ్రాసి పెట్టండి.

యువజన సమాజపు పిల్లలకు ఒక పని. ఈ ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మీ ఇంట్లో అందరికంటె పెద్దదైన స్త్రీ దగ్గర కూర్చోండి. “అమ్మమ్మా, నాయనమ్మా, నీ పుట్టింట్లో నిన్నేమని పిలిచేవారు?” అని అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్లు వ్రాసుకోండి. సంచిక అచ్చుకు పోవటానికి ఇంకా మూడు వారాల గడువున్నది. నాకు అడగటానికి ఎవరూ లేరు గనుక మీకు చెబుతున్నాను.